గొంతు వెనక రొద

"ఫ్యాను ఎవరు ఆపారు?" అన్నాడు శేషగిరి, పేపరు ఒళ్ళో పెట్టుకుని పైకి చూస్తూ.

రోహిణీ కార్తె. పొద్దున తొమ్మిదిన్నరకే బాపట్లలో గోడలు వేడెక్కిపోయాయి.

"నేనేనండీ. ఒక్క పావుగంట. ఈ పేజీ అయిపోతుంది," అంది విశాలాక్షి కంప్యూటరు ముందు నుంచి. మైకు ఆమె చేతిలో అలాగే ఉంది.

"నీ పేజీకీ నా ఫ్యానుకీ ఏంటి సంబంధం?"

"దాని చప్పుడు రికార్డింగులో పడుతోంది."

"చప్పుడు చెయ్యని ఫ్యాను ఏ ఊళ్ళో దొరుకుతుందో చెప్పు, రేపే వెళ్ళి పట్టుకొస్తా. ఆరు రోజులు రేపల్లె ఆఫీసులో చెమట కార్చుకున్నది చాలక ఆదివారం ఇంట్లో కూడానా?"

"వరండాలో కూర్చోకూడదూ? గాలి వస్తోందిగా."

"అక్కడ పేపరు ఎగిరిపోతుంది."

"అయితే గాలి ఉన్నట్టేగా."

లోపలి గదిలోంచి అభిరామ్ పకపకా నవ్వాడు. కొడుకు నవ్వేసరికి శేషగిరికి ఉక్రోషం వచ్చింది. లేచి తనే స్విచ్చి వేసి, మళ్ళీ కూర్చుని, పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఫ్యాను టకటకమంటూ తిరిగింది. విశాలాక్షి మైకు కింద పెట్టి, చదువుతున్న పేజీలో దారప్పోగు పెట్టి పుస్తకం మూసేసింది.

ఆ ఇంట్లో పెద్ద గొడవలు ఎప్పుడూ జరగలేదు. అన్నీ ఇలాంటివే. అయిపోయాక ఎవరికీ గుర్తుండేవి కావు, ఆమెకి తప్ప.

ఆ పుస్తకం బి.ఏ. రెండో సంవత్సరం చరిత్ర. తెనాలిలో ఒక సంస్థ చూపు లేని విద్యార్థుల కోసం పాఠాలు చదివించి సీడీల మీదకి ఎక్కిస్తోందని ఆమె పేపర్లో చూసింది. తను చదివింది ఆ బి.ఏ.నే, ఆ చరిత్రే. పాతికేళ్ళ క్రితం చదివి, డిగ్రీ కాయితం బీరువాలో పెట్టి, పెళ్ళి చేసుకుంది. తొమ్మిదింటికల్లా మొగుడూ కొడుకూ వెళ్ళిపోయాక సాయంత్రం దాకా ఆ ఇంట్లో మాట్లాడే మనిషి ఉండరు. ఒక్కోరోజు పాలవాడికి చెప్పిన లెక్కే ఆ పూటకి ఆఖరి మాట అయ్యేది. అందుకే ఉత్తరం రాసింది. వాళ్ళు పుస్తకం పంపారు. ముందు ఒక పాఠం నమూనాగా చదివి పంపమన్నారు. దాన్ని ఏ విద్యార్థి కోసం చదువుతున్నారో ఆ విద్యార్థే విని సరే అనాలి. అదీ పద్ధతి.

మొదటి సీడీ తిరిగొచ్చింది. చీటీ మీద "గొంతు బాగుంది, వెనక రొద ఉంది" అని ఉంది. ఆ ఆదివారం ఆగిన పాఠాన్ని తరవాత ఎవరూ లేనప్పుడు ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, మళ్ళీ చదివి పంపింది. పై వారం సోమవారం ఆ రెండోదీ తిరిగొచ్చింది. మూడోసారి కూడా ఇలాగే ఉంటే పుస్తకం వేరే చదువరికి ఇస్తామని మర్యాదగానే రాశారు.

ఆ సాయంత్రం ఫోను మోగింది.

"విశాలాక్షి గారేనాండి? నా పేరు హుమేరా అండి, రేపల్లె నుంచి. మీ సీడీ విన్నది నేనే."

చిన్న పిల్ల గొంతు. ఇరవై ఉంటాయేమో.

"మీరు నొచ్చుకున్నారేమోనని చేశానండి. చదవడం చాలా బావుందండి. ఊళ్ళ పేర్లు తొందరపడకుండా చదివారు. కాని మీ గొంతు వెనకాల ఒక తుమ్మెద ఉందండి. సన్నగా. మీరు ఆగినా అది ఆగదు. అరగంట అయ్యేసరికి మీరేం చదివారో మర్చిపోయి దాన్నే వింటున్నాను."

విశాలాక్షి రిసీవరు చెవికి ఇంకా దగ్గరగా నొక్కుకుంది.

"నీకూ వినిపించిందా అమ్మా?"

"వినిపించకపోవడమేంటండి?"

రెండేళ్ళుగా ఆ రొద ఆమెకి వినిపిస్తూనే ఉంది. కంప్యూటరు వేస్తే చాలు, పాట ఉన్నా లేకపోయినా స్పీకర్లలో సన్నగా గుయ్యిమంటుంది. సీపీయూ డబ్బా మీద చెయ్యి పడితే జివ్వుమంటుంది. అదీ చెప్పింది. "నీవే తడి చేతులు" అన్నాడు శేషగిరి. "నీ చెవుల్లోనే మోత వస్తోందేమో అమ్మా, డాక్టరుకి చూపిద్దాం" అన్నాడు అభిరామ్, నిజంగానే బెంగపడి. కొన్నాళ్ళకి ఆమెకే అనుమానం వచ్చింది. ఇప్పుడు ముప్ఫై మైళ్ళ అవతల, మొహం కూడా తెలియని పిల్ల, ఉంది అంటోంది.

"నాకు సెప్టెంబరులో సప్లిమెంటరీ ఉందండి," అంది హుమేరా. "కిందటిసారి చరిత్ర పోయింది. మా అన్న ఫహీమ్ చదివి వినిపించేవాడు. వాడికి దుకాణం, నాకు పాఠం. రెండు పేజీలకొకసారి నిద్రపోయేవాడు. మీరైతే బావుండుననిపించింది. ఆ తుమ్మెదని ఎలాగైనా తోలెయ్యండి."

*

"స్పీకర్లు పాతవి, సౌండు కూడా బోర్డులోనే ఉంది. రెండూ మార్చెయ్యాలి," అని తేల్చాడు అభిరామ్. వాడికి ఇంజనీరింగు సెలవలు. ఎప్పటినుంచో కొత్త స్పీకర్ల మీద కన్నుంది. మర్నాడే తల్లిని వెంటబెట్టుకుని తెనాలి పాసింజరు ఎక్కాడు. మైకుని ఆమె చేతిరుమాలులో చుట్టి సంచిలో పెట్టుకుంది. చరిత్ర పుస్తకం కూడా.

నాగూర్ బాషా దుకాణం మార్కెట్టు వెనక సందులో ఉంది. అరవై దాటిన మనిషి. ముక్కు మీదకి జారిన కళ్ళజోడు. ఒకప్పుడు నాటకాలకి మైకు సెట్లు కట్టేవాడట. ఇప్పుడు కంప్యూటరు సామాను పెట్టాడు.

అభిరామ్ లోపలికి అడుగు పెడుతూనే ఐదు స్పీకర్లూ, బుంగంత ఊఫరూ ఉన్న సెట్టు ముందు నిలబడిపోయాడు. బాషా పాట పెట్టాడు. గాజు అల్మారా గజగజలాడింది.

"ఎలా ఉందమ్మా?" అని అరిచాడు అభిరామ్.

"గుండెల మీద రోకలి పోటు వేసినట్టుంది," అంది విశాలాక్షి.

బాషా పాట తగ్గించి ఆమె వైపు తిరిగాడు. "ఎక్కువగా ఏం వింటారమ్మా?"

"మనిషి మాట."

"పాటలు కాదా?"

"పాటలు వీడికి. నాకు చదివింది చదివినట్టు వినపడాలి. ఆగినచోట ఏమీ వినపడకూడదు."

బాషా కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "ఆగినచోట సంగతి అడిగినవాళ్ళని చూసి చాలా కాలమైందమ్మా," అన్నాడు. "బాబూ, మాటకి ఆ ఊఫరు ఎందుకు? మీ అమ్మ మాట్లాడితే పొట్టలోంచి ఉరుము వస్తుందా? నలభై ఏళ్ళు నాటకాలకి మైకులు కట్టాను. పద్యం ఎత్తుకుంటే ఎలాగైనా వినపడుతుంది. మధ్యలో నెమ్మదిగా చెప్పే వచనం చివరి వరసలో ముసలాయనకి అందాలి. అదీ మా పని."

"మరి సౌండు కార్డు?" అన్నాడు అభిరామ్, కొంచెం ముడుచుకుపోయి.

"అది కావాలి. బోర్డు మీదే ఉన్న సౌండు ఉమ్మడి వాటాలో కాపురం లాంటిది బాబూ. అటు ఫ్యాను, ఇటు డిస్కు, అందరి గోలా అందులో పడుతుంది. కార్డు విడిగా పెట్టామనుకో, దాని గది దానిది."

మూడు జతల స్పీకర్లు బల్ల మీద పెట్టి మొదటిదానికి పాట పెట్టబోయాడు.

"పాట వద్దండి," అంది విశాలాక్షి. "ఏమీ పెట్టకుండా సౌండు చివరిదాకా పెంచండి."

అభిరామ్ సిగ్గుతో అటు తిరిగాడు. బాషా మాత్రం ఆమెని ఒక్క క్షణం చూసి, లేచి వెళ్ళి దుకాణంలో మోగుతున్న టీవీ ఆపాడు. ఫ్యాను ఆపాడు. వీధి తలుపు ఓరగా వేశాడు. వచ్చి మీట చివరిదాకా తిప్పాడు.

ముగ్గురూ చెమటలు కక్కుతూ ఏమీ లేనిదాన్ని విన్నారు.

మొదటి జత ఇసక జల్లెడ పట్టినట్టు స్స్ అంది. రెండోది గురకపెట్టింది. మూడోది చిన్న చెక్క పెట్టెలు, చూడ్డానికి ఏమంత బాగుండవు. అందులోంచి ఏమీ రాలేదు. విశాలాక్షి దగ్గరగా వంగి చెవి పెట్టింది. ఏమీ లేదు.

"ఇవి," అంది.

"నేనూ అవే అనుకున్నాను," అన్నాడు బాషా.

కార్డుని తన కంప్యూటర్లో బిగించి, ఆమె మైకు తగిలించాడు. విశాలాక్షి పుస్తకం తెరిచి, శాతవాహనుల కాలం నాటి రేవుల గురించి నాలుగు వాక్యాలు చదివింది. తిప్పి వినిపించాడు. గొంతు, వాక్యానికీ వాక్యానికీ మధ్య ఖాళీ, ఎక్కడో సందులో రిక్షా గంట. అంతే.

తన గొంతు ఒట్టిగా అలా ఉంటుందని ఆమెకి అప్పుడే తెలిసింది. ఎవరో కాస్త తెలిసినావిడ, నెమ్మదస్తురాలు, పక్క గదిలో మాట్లాడుతున్నట్టుంది.

*

ఆ సాయంత్రం అభిరామ్ కంప్యూటరు విప్పి కార్డు బిగించాడు. చెక్క పెట్టెలు రెండు వైపులా అమర్చాడు. శేషగిరి కూడా కాఫీ పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. స్విచ్చి వేశారు.

గుయ్యి.

ఉన్నది పోలేదు సరికదా, మంచి స్పీకర్లు కాబట్టి ఇంకా స్పష్టంగా వినిపించింది.

"వస్తోంది," అంది విశాలాక్షి.

"ఏం వస్తోంది?" అన్నాడు శేషగిరి.

"అదే."

"నాకేం వినపడట్లేదమ్మా," అన్నాడు అభిరామ్. "కొత్త కార్డు, కొత్త స్పీకర్లు. ఇంకా వస్తోందంటే ఎలా?"

"తెనాలి దాకా వెళ్ళి తుమ్మెదకి కొత్త పల్లకీ కొనుక్కొచ్చారన్నమాట," అని నవ్వాడు శేషగిరి. ఆమె మొహం చూసి, "సరదాకన్నానులే" అని కాఫీ గ్లాసుతో వరండాలోకి వెళ్ళిపోయాడు.

ఆ పూట వంకాయ కూరలో ఉప్పు ఎక్కువైందని వాళ్ళిద్దరూ అన్నారు. ఆమె రుచి చూడలేదు. పుస్తకానికి వేసిన అట్ట తీసేసి, తిప్పి పంపడానికి కవరు మీద చిరునామా కూడా రాసిపెట్టుకుంది.

మర్నాడు శేషగిరి ఆఫీసుకీ, అభిరామ్ స్నేహితుల దగ్గరకీ వెళ్ళాక, కవరు అంటించబోయి ఆగి, తెనాలి ఫోను చేసింది.

"ఇక్కడ పలకలేదుగా అమ్మా," అన్నాడు బాషా. "మీ చెవితోనే విన్నారు. అయితే లోపం పెట్టెలో లేదు, ఇంట్లో ఉంది. కంప్యూటరు డబ్బా మీద చెయ్యి వేస్తే జివ్వుమంటుందా?"

"రెండేళ్ళ నుంచి."

"మళ్ళీ ముట్టుకోకండి. ఎర్తు సరిగ్గా లేదు. ఆ రొదా దానివల్లే. ఎర్తు గొయ్యి ఎక్కడుంది?"

"తెలియదండి. మా మామగారు కట్టించిన ఇల్లు."

"పెరట్లో ఎక్కడో ఇనప పైపు మూతి ఉంటుంది చూడండి. బాపట్ల ఇసక నేల కదా, చుక్క నిలవదు. ఎప్పుడూ తడుపుతూ ఉండాలి. లేకపోతే ఎండాకాలం ఎర్తు ఉన్నా లేనట్టే. మీ ఇంట్లో ఎవరూ నీళ్ళు పొయ్యరా?"

విశాలాక్షి కిటికీలోంచి పెరట్లో జామచెట్టు వైపు చూసింది.

"పోసేవారండి," అంది.

అత్తగారు సుబ్బాయమ్మ బతికున్నన్నాళ్ళూ గిన్నెలు పెరట్లో, జామచెట్టు పక్కన రాయి మీదే తోమేది. వంటింటి వెనకాలే కుళాయి ఉన్నా, మోకాళ్ళు సహకరించకపోయినా, ఎండైనా వానైనా, బుట్ట ఈడ్చుకుంటూ అక్కడికే వెళ్ళేది. ఎందుకత్తయ్యా అంటే, "కరెంటతను చెప్పాడే అమ్మాయ్, అక్కడ తడి ఆరకూడదని" అనేది. "గిన్నెలు ఎక్కడ తోమాలో కూడా కరెంటతనే చెబుతాడా?" అని విశాలాక్షి ఒకసారి అంది. ఇంటిల్లిపాదీ నవ్వారు. ముసలావిడ కూడా నవ్వింది. నవ్వి, బుట్ట తీసుకుని జామచెట్టు దగ్గరకే వెళ్ళింది. ఆ తరవాత ఎవరికీ కారణం చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

ఆవిడ పోయిన నెలకే వంటింట్లో సింకు పెట్టించారు. పెట్టించింది విశాలాక్షే. పెరట్లో రాయి దండగగా పడి ఉందని దాన్ని జామచెట్టు మొదట్లోకి జరిపించి, పైన పూలకుండీలు పేర్చింది. అప్పటికీ ఇప్పటికీ రెండేళ్ళు.

బాషా చెప్పినట్టే ముందు మెయిను ఆపింది. కుండీలు ఒక్కొక్కటే దించింది. గడ్డపార రాయి కింద దూర్చి, ఒళ్ళంతా బరువు వేసి తోసింది. రెండుసార్లు జారింది. మూడోసారి రాయి పక్కకి ఒరిగింది.

పైపు మూతి అక్కడే ఉంది. చుట్టూ బూడిదలా ఎండిన ఇసక, అందులో ఎప్పటివో బొగ్గు ముక్కలు, చింతపండు పీచు. ఇంకా లోపలికి గీకితే ఒక చెంచా తగిలింది. తుడిచి చూసింది. అభిరామ్ పేరు చెక్కించిన అన్నప్రాసన చెంచా. అది పోయినప్పుడు నాలుగు రోజులు అత్తగారితో మాట్లాడలేదు. "నేను పారెయ్యలేదే" అని ఆవిడ అంటూనే ఉంది. పారెయ్యలేదు. తోముతుంటే జారి ఉంటుంది.

వైరు ఊడలేదు, పట్టుకునే ఉంది. దాన్ని తాకకుండా ఉప్పు చల్లి బకెట్టు నీళ్ళు కుమ్మరించింది. ఇసక చప్పుడు చేస్తూ తాగేసింది. ఇంకోటి పోసింది. ఐదో బకెట్టుకి గాని పైన తడి నిలవలేదు.

మధ్యాహ్నం కంప్యూటరు వేస్తే రొద సగానికి తగ్గింది. మర్నాడు పొద్దున మళ్ళీ తడిపి వేస్తే అస్సలు లేదు. సౌండు చివరిదాకా పెంచింది. ఏమీ లేదు. పక్కవాళ్ళ ఇంట్లో రోట్లో పిండి రుబ్బుతున్న చప్పుడు, తన ఊపిరి, తడి ఇసక వాసన.

అభిరామ్ లేవగానే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టింది. "ఇప్పుడు విను."

వాడు బుద్ధిగా విన్నాడు. "మొన్న కూడా ఇంతేగా అమ్మా," అన్నాడు.

"అవును, ఇంతే," అని ఆమె టిఫిన్ పెట్టడానికి లేచింది. రెండేళ్ళ తరవాత ఇల్లు నిశ్శబ్దమైంది. ఆ సంగతి చెబితే తెలిసేది ఎవరికని చూస్తే, ఒకావిడ లేదు, ఇంకొకామె రేపల్లెలో ఉంది.

వాళ్ళు వెళ్ళాక తలుపులన్నీ మూసి, ఫ్యాను ఆపి, పాఠమంతా మళ్ళీ మొదటి నుంచి చదివింది. నాలుగో పేజీలో, బాటసారుల కోసం దారుల వెంట బావులు తవ్వించినవాళ్ళ పేర్లు రాళ్ళ మీద చెక్కేవారనీ, నీళ్ళు మోసినవాళ్ళ పేర్లు ఎక్కడా దొరకవనీ ఒక వాక్యం ఉంది. అక్కడ ఆగి ముక్కు తుడుచుకుంది. రికార్డింగులో ఆ ముక్క తీసేసి మళ్ళీ చదవచ్చు. చదవలేదు. అలాగే పంపేసింది.

*

పదకొండో రోజున ఫోను వచ్చింది.

"తుమ్మెద ఎగిరిపోయిందండి!" అంది హుమేరా, హలో అయినా అనకుండా. "ఎలా తోలారు?"

విశాలాక్షి చెప్పింది. రాయి సంగతి, నీళ్ళ సంగతి, అత్తగారి సంగతి. అవతలి నుంచి ఊ కూడా వినపడలేదు. లైను తెగిందేమోనని ఆగింది.

"చెప్పండి ఆంటీ, వింటున్నాను," అంది హుమేరా. ఆమె చివరిదాకా చెప్పింది.

"సంస్థ వాళ్ళకి సరే అని చెప్పేశానండి. మొత్తం పుస్తకం మీదే," అంది ఆ పిల్ల. తరవాత కొంచెం తటపటాయించి, "నాలుగో పేజీలో మీకు జలుబు చేసిందా ఆంటీ?" అంది.

"ఆ, కొంచెం."

"జలుబు కాదులెండి."

 ఫోనులో కూడా ఏ రొదా లేదు.

"ఒక మాట అడగనా? మీరు చదువుతుంటే నాకు మధ్యలో అడగాలనిపిస్తుంది. సీడీని అడిగితే చెప్పదు కదా. మీరెప్పుడైనా రేపల్లె వస్తారా? స్టేషను రోడ్డులో మా ఇల్లు. ఎదురుగా రిజిస్ట్రారాఫీసు."

ఆ ఆఫీసులోనే శేషగిరి పదకొండేళ్ళుగా పనిచేస్తున్నాడు.

ఆ సాయంత్రం ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. శేషగిరి పప్పు కలుపుకుంటూ మామిడికాయ పచ్చడి జాడీలో చెంచా చూసి ఆగాడు.

"ఇది వీడి అన్నప్రాసనది కదూ? ఎప్పుడో పోయిందన్నారు."

"పెరట్లో దొరికింది," అంది విశాలాక్షి. "వచ్చే వారం నుంచి గురువారం గురువారం మీ బస్సులోనే నేనూ రేపల్లె వస్తాను."

"రేపల్లెలో నీకేం పని?"

"మీ ఆఫీసు ఎదురింట్లో ఒక అమ్మాయికి చరిత్ర చదివి వినిపించాలి. సాయంత్రం మీతోనే వచ్చేస్తాను."

శేషగిరి ముద్ద చేతిలోనే పట్టుకున్నాడు. "మా ఎదురింట్లోనా? ఆ నల్ల కళ్ళజోడు పిల్లా? రోజూ గడప మీద కూర్చుని ఉంటుందే. నేను వస్తున్నానని అడుగుల చప్పుడు బట్టి చెప్పి నమస్తే అంటుంది. పేరు ఎప్పుడూ అడగలేదు." ముద్ద నోట్లో పెట్టుకుని అన్నాడు, "మరి ఆ రోజు భోజనం?"

"పొద్దున్నే వండి పెడతా. మీ క్యారేజీ నా క్యారేజీ కలిపి కడతా. అభీ, నువ్వు వడ్డించుకో. తిన్నాక పెరట్లో జామచెట్టు పక్కన పైపు దగ్గర రెండు బకెట్లు నీళ్ళు పొయ్యి. మరిచిపోకూడదు."

"అక్కడెందుకమ్మా నీళ్ళు?"

"అక్కడ తడి ఆరకూడదని మీ నాయనమ్మ చెప్పింది," అంది విశాలాక్షి, వాడి కంచంలో మజ్జిగ పోస్తూ.